క్లచ్ మీద ఎవరి కాలు

ఎనభైల్లో నేను గుంటూరులో కుష్ఠు నివారణ పథకం జీపు తోలేవాడిని. ఒంటి మీద మచ్చలున్నవాళ్లను వెతికి మాత్రలిచ్చే సిస్టరును ఊరూరా తిప్పడం నా పని. వానలు పడితే మిరప చేల బాటల్లో నల్లరేగడి చక్రాన్ని వదిలేది కాదు. అందుకని ఒక ఏడు ఆఫీసువాళ్లు ఎత్తుగా, వెడల్పుగా ఉండే టైర్లు వేయించారు. బురద బాధ తీరింది, క్లచ్ బాధ మొదలైంది. ఇంజను అరిచేది, బండి కదిలేది కాదు. లోపల్నుంచి కాలిన వాసన వచ్చేది.

మేము ఎప్పుడూ వెళ్లే షెడ్డు మేస్త్రీ పెద్దవాడు. టైరును అరచేత్తో తట్టి చూశాడు.

“చక్రం పెద్దదయింది. పాత క్లచ్‌కి దాన్ని తిప్పే సత్తువ లేదు. ఇదే రకం కొత్త ప్లేటు వేస్తే నెల్లాళ్లు కూడా రాదు. గట్టి స్ప్రింగులున్న ప్రెషర్ ప్లేటు వేస్తే పట్టుద్ది గానీ పెడలు రాయిలా ఉంటది. లేదంటే పెద్ద సైజు ప్లేటు. దానికి ఫ్లైవీలు కూడా మార్చాలి, వారం పాటు బండి ఇక్కడే ఉండాలి.”

వారం బండి లేకపోతే ఊళ్లకు మాత్రలు అందవు. గట్టి స్ప్రింగులే వెయ్యమన్నాను.

“సాయంత్రానికి అరికాలు మండిపోద్ది, ఆలోచించుకో.”

నాకు మండలేదు. ఒకసారి మా డాక్టరు గారు సరదాగా నాలుగు మైళ్లు తోలి దిగిపోయారు. “ఇదేం పెడలయ్యా! ఎట్లా తోలుతున్నావు?” అన్నారు. అలవాటండీ అన్నాను, కాస్త గర్వంగానే.

రెండు నెలలకు వాసన మళ్లీ వచ్చింది. మేస్త్రీ విప్పి చూస్తే కొత్త ప్లేటు నల్లగా మాడిపోయి ఉంది. బేరింగు కూడా అరిగింది.

“ఇది టైర్ల వల్ల కాదు. నువ్వు క్లచ్ మీద కాలుంచి తోలతన్నావు. అట్టా సగం నొక్కుంటే ప్లేటు జారి మాడిపోద్ది.”

“ఉంచనండీ. బైబిలు మీద ఒట్టు.”

“మరెవరు ఉంచతన్నారు?” అని నవ్వాడు. “నీకు ముందు ఈ బండి తోలినాయన ఇట్టాగే చేసేవాడు. ఎంత చెప్పినా కాలు తీసేవాడు కాదు. పాపం, పోయాడుగా.”

ఆయన మాటవరసకే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. పెడలు మీది రబ్బరు ఒక పక్కే అరిగి ఉండేది. ఆ అరుగుదల నాదో, ఆయనదో నాకు తెలియదు. ఒంటరిగా తోలుతున్నప్పుడు, బండి నా మాట కాక ఇంకెవరి మాటో వింటున్నట్టు అనిపించేది. ఈసారి వారం పోయినా సరేనని పెద్ద ప్లేటు, ఫ్లైవీలు, కొత్త బేరింగు వేయించాను.

అవి వేశాక మూడో వారం, సిస్టరును ఒక ఊళ్లో దించి పిడుగురాళ్ల మీదుగా ఒక్కడినే వస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. సున్నం బట్టీల పొగ రోడ్డు మీద పరుచుకుని ఉంది. చెట్ల ఆకులు తెల్లగా, కదలకుండా ఉన్నాయి. మనిషి లేడు, పిట్ట లేదు. అప్పుడు ఆ వాసన వచ్చింది. ఇంజను గొంతు పెరుగుతోంది, బండి వేగం తగ్గుతోంది. నా కాలు కింద రేకు మీద ఉంది. అది నాకు ఖాయంగా తెలుసు.

తల వంచి చూశాను. పెడలు మీద ఒక కాలు ఉంది.

సున్నపు దుమ్ము పట్టి బూడిదరంగులో ఉంది. వేళ్ల సందుల్లో ఎండిన బురద. అది నా కాలేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తీయాలనుకున్నాను, లేచింది. అందుకు ఇంకా భయమేసింది. బండి ఆపి కాలు ఒళ్లోకి తీసుకుని చూస్తే మడమ దగ్గర బొబ్బ చితికి నీరు కారుతోంది. ఇంజను వేడికి కాలిన రేకు మీద ఎప్పుడో ఆనించి ఉంటాను. నొప్పి లేదు.

జీపు వెనక్కి తిప్పాను. పాత బడి వరండాలో రోగుల్ని చూస్తున్న సిస్టరు నా మొహం చూడగానే లేచింది. బల్ల మీద కూర్చోబెట్టింది.

“కళ్లు మూసుకో అన్నా. నేను ముట్టుకున్న చోట వేలు పెట్టు.”

ఈ మాట ఆవిడ వందలమందితో అనగా విన్నాను. కళ్లు మూసుకుని చాలాసేపు ఎదురుచూశాను.

“ఇంకా మొదలుపెట్టలేదా సిస్టరు గారూ?”

“అయిపోయిందన్నా.” నా కాలు కిందికి దించి, “ఇన్నాళ్లూ నీ పక్కనే కూర్చున్నాను. చూసుకోలేకపోయాను” అంది.

పిక్క వెనక, నేనెప్పుడూ చూసుకోని చోట, రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ దొరికింది. ఊరూరా నేను మోసుకెళ్లిన మాత్రలే నేనూ మింగాను. నా భార్య మొదట రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నుంచి రోజూ ప్రార్థన కాగానే నా అరికాళ్లు తిప్పి తిప్పి చూసేది. మేస్త్రీకి దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు నా కాలు వైపే చూసి, లోపలికెళ్లి ఒక ఇనపరేకు ముక్క తెచ్చి, కాలు పక్కకు పెట్టుకోవడానికి పెడలు పక్కనే బిగించాడు. తర్వాత నాకు టీ తెప్పించి, ఎప్పట్లా తానే అందించాడు.

జబ్బు నయమైంది. స్పర్శ తిరిగి రాలేదు. కాలెక్కడుందో కళ్లతో చూసుకుంటూ ఆ జీపును ఇంకా చాలా ఏళ్లు తోలాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే నా ఎడమకాలు చీలమండ దగ్గరే అయిపోతుంది.