రేకు పెట్టెలో గాలి

"మే, గాలి లోపలికి పోతే సాలదు. బయటికి కూడా పోవల్ల," అన్నాడు నా మొగుడు.

"ముందు నువ్వు కాళ్ళు పైకి తీయప్పా, ఊడ్సల్ల," అన్నాను నేను.

మేమిద్దరం ఆఖరున మాట్లాడుకున్నది అంతే. ఆయన కాళ్ళెత్తి కూర్చున్నాడు. నేను ఊడ్చి చెత్త పారేసి వచ్చేలోపల పాలకని వెళ్ళి, పాలంగడి ముందరే కూలబడిపోయాడు.

ఆ గాలి మాట కంప్యూటర్ గురించి. మా కూతురి కూతురికి, అంటే ఇప్పుడిది రాస్తున్న పిల్లకు, కార్ల పందెం ఆడుకునే కంప్యూటర్ కావాలి. కొత్తది కొనే తాహతు మాకెక్కడిది? కేజీఎఫ్‌లో బంగారు గనులున్నంత కాలం ఆయనది లోపలికి గాలి పంపే ఫ్యాన్ల దగ్గర పని. మూసేశాక బెంగళూరులో వాచ్‌మన్. అక్కడి పాత సామాను అంగళ్ళలో నెలకొక ముక్క కొని, టవల్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చేవాడు. అన్నీ దొరికాయి గాని వాటిని బిగించే డబ్బాకు డబ్బు చాలలేదు. నా పెళ్ళినాటి రేకు పెట్టె మీద కన్నేశాడు. నా చీరలన్నీ గోనెసంచిలోకి పోయాయి. "చీరలేమన్నా ఆట ఆడతాయా?" అని నన్నే ఎదురడిగాడు. పెట్టెకు అటొకటి ఇటొకటి రంధ్రం కోసి, ఒక ఫ్యాను బిగించాడు. రెండోది బిగించకముందే పోయాడు.

మూడు నెలలు ఆ పెట్టెను ఎవరూ ముట్టలేదు. తర్వాత మనవరాలే ఫోనులో చూసుకుంటూ వైర్లు కలిపింది. రెండో ఫ్యాను దగ్గర నేను పెత్తనం చేశాను. రంగురంగుల లైట్లు వెలిగే మొహం బయటికి పెట్టమన్నాను. వచ్చినవాళ్ళకు కనబడొద్దా మరి!

స్విచ్ వేస్తే వెలిగింది. పది నిమిషాలు కారు పరిగెత్తింది, టప్పున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. రేకు మీద చెయ్యి పెడితే దోసె పెనంలా ఉంది.

"లోపల బొమ్మలు చూపించే కార్డు పోయినట్టుండాది అవ్వా. అంతా పాతదే కదా. విప్పి ముక్కలు ముక్కలుగా అమ్మేద్దాం," అంది మనవరాలు. ఏడుపు ఆపుకుంటూ స్క్రూడ్రైవర్ తీసింది.

"ఉండు పాపా," అన్నాను. ఆయన ఆఖరి మాట నాకు అప్పుడు వినబడింది. గనిలో గాలి ఎటు పోతోందో పొగ పెట్టి చూసేవాళ్ళమని ఎన్నిసార్లు చెప్పాడో! స్విచ్ వేయమని, దేవుడి దగ్గరి ఊదుబత్తి తెచ్చి వెలిగించాను. ఆయన బిగించిన ఫ్యాను దగ్గర పెడితే పొగ లోపలికి పోయింది. రెండోదాని దగ్గర పెట్టాను. అక్కడా లోపలికే.

"చూసినావా! ఇంగ వేడి యాడికి పోతుంది?"

"లైట్ల మొగం బయటికి పెట్టమని ఎవరు చెప్పినారు అవ్వా?"

"ఎవరో బుద్ధి లేనిది చెప్పింది. తిప్పు."

తిప్పింది. ఈసారి పొగ బుస్సుమని నా మొహం మీదికే వచ్చింది. దగ్గు ఒకవైపు, నవ్వు ఒకవైపు. ఆరోజు మధ్యాహ్నం అన్నాల దాకా కంప్యూటర్ ఆరలేదు. నాకూ ఆడనిచ్చింది. నా కారు కాలువలో పడింది, లేపితే మళ్ళీ పడింది. మా గోల విని పక్కింటామె కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏమక్కా, ఈ వయసులో డ్రైవింగా?"

"లైసెన్సు అడగొద్దు, దావ ఇడువు!" అన్నాను.

ఇంగ చాలు పాపా. నేను చెప్పినట్టే రాసినావా? కాళ్ళు తీయమన్నది కూడా? దాన్ని మెత్తగా మార్చొద్దు. ఏదీ, మీ తాత మాట దగ్గరనుంచి సదివి వినిపించు.