వరుసకు సగం, కారణాలకు సగం

మా వీధిలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆవిడ ఎందుకక్క. కోడిపిల్లలను పొదిగించే హేచరీలో గుడ్లను దీపం మీద పెట్టి, లోపల పిల్ల పెరుగుతోందో లేదో చూసి వేరు చేయడం ఆవిడ పని. ఆ గుడ్ల ట్రేలు మోసే వ్యాను నాది. పొద్దున్నే వ్యాను ఎక్కుతూనే మొదలుపెట్టేది.

"తమ్ముడూ, ఇవాళ ఈ దారిన తీసుకెళ్తున్నావేం?"

"ఆ రోడ్డు తవ్వేశారక్కా."

"ఎందుకు? మొన్నేగా వేశారు?"

రోడ్లు వేసేవాణ్ణి నేనా? ప్రాణం విసిగిపోయేది. కానీ ఆవిడ సెలవు పెట్టిన రోజు మాత్రం దారి తెమిలేది కాదు. స్టీరింగు పట్టుకుని, నిజంగానే మొన్న వేసిన రోడ్డును ఎందుకు తవ్వారబ్బా అని నాలో నేనే ఆలోచించుకునేవాణ్ణి. ఆవిడ రోగం నాకూ అంటుకుంది.

హేచరీ వెనక ఒక పాత షెడ్డు ఉండేది. యజమానిని అడిగి దాన్ని బాగుచేయించుకుని, సెలవు రోజుల్లో ఊళ్లో పిల్లలను పోగేసేది. ఏడాదికోసారి జరిగే యువ రైతుల పోటీలకు వాళ్లను తయారుచేయడం ఆవిడ సరదా. సరదా అని నేననుకున్నాను కానీ, ఆవిడకు అది అంతకంటే పెద్ద సంగతే.

పోటీ చూడటానికి తేలిక. నాలుగు గూళ్లలో నాలుగు కోళ్లు పెడతారు. చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, బాగా గుడ్లు పెట్టేది ముందు, పెట్టనిది చివర వచ్చేలా వరుస పెట్టాలి. తర్వాత ఒక్కొక్కరే గదిలోకి వెళ్లి, ఆ వరుస ఎందుకు పెట్టారో న్యాయనిర్ణేతకు చెప్పాలి. మార్కులు వరుసకు సగం, కారణాలకు సగం.

"ఇదిగో, దీన్ని చూడండి," అని నిగనిగలాడే ఈకలతో, పసుపు పూసినట్టున్న కాళ్లతో ఉన్న కోడిని ఎత్తి చూపించేది. "పెళ్లికూతురిలా ఉంది కదా? మేత తినడం, ముస్తాబవడం, అంతే దీని పని. ఇప్పుడు దీన్ని చూడండి." రెండోది ఈకలు ఊడి, కాళ్లు వెలిసిపోయి, ఇల్లంతా సర్దేసి వచ్చి కూలబడ్డ మనిషిలా ఉండేది. "ఒంట్లో పసుపంతా గుడ్లలోకి పోయి దీని కాళ్లు తెల్లబడ్డాయి. కాళ్లు తెల్లగా ఉన్నదే ముందు. ఎందుకు? నువ్వు చెప్పు."

ఎందుకో చెప్పందే వదిలేది కాదు. తల్లి చాటున దాక్కునే పిల్లలు కూడా ఒక ఏడాది తిరిగేసరికి ఆసుపత్రిలో నర్సును నిలబెట్టి ఈ మాత్ర దేనికని అడగడం నేర్చుకున్నారు. తల్లిదండ్రులు నా దగ్గరకొచ్చి మొత్తుకునేవారు, స్నానం చేయరా అంటే మావాడు కారణాలు చెప్పమంటున్నాడని.

ఇంతమంది నోళ్లు తెరిపించిన మనిషికి సొంత కూతురి నోరు తెరిపించడం మాత్రం చేతకాలేదు. ఆ పిల్లకు తండ్రి పోలిక. ఆయన వడ్రంగి. చెక్క ఏం చెబితే అది వింటాడు, పెళ్లాం ఏం చెబితే దానికి "అలాగే" అంటాడు. పిల్లకూ ఒక్కటే మాట: "నీ ఇష్టమమ్మా." గౌను కొన్నా నీ ఇష్టం, చదువు మానిపించినా నీ ఇష్టం అనే రకం. కోళ్ల వరుస ఎప్పుడూ సరిగ్గానే పెట్టేది. కారణాలు మాత్రం తల్లి చెప్పినవే చిలకలా అప్పజెప్పేది.

ఆ ఏడాది పోటీలు అయిపోగానే వచ్చే సోమవారం నుంచి పిల్లను హేచరీలో చేర్చాలని ఎందుకక్క మాట్లాడి పెట్టింది. పోటీలకు ముందురోజు వ్యానులో నాతో అంది: "నీకిష్టమేనా అని అడిగాను తమ్ముడూ. నీ ఇష్టమమ్మా అంది. దాని మనసులో ఏముందో నాకు తెలియడం లేదు. తెలియకుండా దాని బతుకు నేను తేల్చేస్తున్నానేమోనని భయంగా ఉంది." ఆవిడ గొంతులో ప్రశ్న కాకుండా భయం వినడం నాకదే మొదలు. నాకూ గుబులు పుట్టింది.

అందుకే పోటీల రోజున ఆ పిల్ల మీద ఒక కన్నేసి ఉంచాను. అదివరకు పట్టించుకోని సంగతులు కొన్ని కనబడ్డాయి. కోడిని పట్టుకునే ముందు చొక్కా చేతులు వేళ్ల దాకా లాక్కుంటుంది. వదిలాక కుళాయి దగ్గర చేతులు తోముతూనే ఉంటుంది. శుభ్రం కాబోలు అనుకున్నాను. ఖాళీ దొరికితే చాలు, అక్కడే నర్సరీ వాళ్లు పండ్ల మొక్కలకు అంట్లు కట్టి చూపించే పందిరి కింద తేలుతుంది. కిందటేడూ అక్కణ్ణుంచే లాక్కొచ్చాను.

పోటీ మొదలైంది. నాలుగు కోళ్లలో ఒకదాని కాళ్లు మల్లెపూవంత తెల్లగా ఉన్నాయి. మావాళ్ల మొహాలు వెలిగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు దాన్నే ముందు పెట్టారు. తాడు ఇవతల నిలబడి ఎందుకక్క కూడా తలాడించింది. కూతురి వంతు వచ్చింది. పిల్ల ఆ కోడిని తిరగేసి, కళ్లు గట్టిగా మూసుకుని, పొట్ట మీది ఈకల్లోకి ఉఫ్‌మని ఊదింది. ఈకలు విడిపోయిన చోట కళ్లు తెరిచి చూసింది. వెనక ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూసింది. తీసుకెళ్లి దాన్ని చివర పెట్టింది.

"అయ్యో, అదేంటి?" అంది ఎందుకక్క.

కారణాలు చెప్పే గది కిటికీ తెరిచే ఉంది. బయట నిలబడి ఇద్దరం చెవులు రిక్కించాం.

"మీ జట్టులో మిగతావాళ్లంతా దీన్ని ముందు పెట్టారు. నువ్వు చివర పెట్టావేమ్మా? మార్చుకుంటావా?" అన్నాడు న్యాయనిర్ణేత.

మీ ఇష్టం సార్ అనేస్తుందని నేను కళ్లు మూసుకున్నాను. ఎందుకక్క నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి.

"మార్చుకోను సార్. ఇది వేరే జాతి. ఈకల కింద దీని చర్మమంతా తెలుపే. కాళ్లు గుడ్లు పెట్టి తెల్లబడలేదు, పుట్టుకతోనే తెలుపు. గుడ్లు పెట్టే కోడికి వెనక ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, దీనికి ఒక్క వేలు కూడా పట్టడం లేదు, తురాయి ఎండిపోయి ఉంది. ఇది గుడ్లు పెట్టడం లేదు."

మా హేచరీలో ఉండేది ఒకటే జాతి. మావాళ్లు వేరే జాతి కోడిని ముట్టుకున్నదే లేదు. అలాంటి తప్పు ఇంకో ఊరి పిల్లలు చేసి ఉండరు. జట్టుకు బహుమతి రాలేదు, పిల్లకు మాత్రం కారణాల్లో రెండో బహుమతి వచ్చింది. ఎందుకక్క ఓడిపోయినందుకు బాధపడుతుందేమోనని చూస్తే, ఆవిడ అప్పటికే న్యాయనిర్ణేతను పట్టుకుంది. "పుట్టుకతోనే తెల్లకాళ్లు ఎందుకుంటాయండీ? వాటి గుడ్డు సొనకు పసుపు ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" ఆయన నవ్వుతూ చెబుతున్నాడు, ఈవిడ నోరు తెరుచుకుని వింటోంది.

తిరుగు ప్రయాణంలో మిగతా పిల్లలు వెనక కూర్చుని ఓటమికి కారణాలు వెతుక్కుంటూ కొట్టుకుంటున్నారు. తల్లీకూతుళ్లు నా పక్కన కూర్చున్నారు. ఊరి మలుపు దగ్గర పిల్ల ఉన్నట్టుండి అంది:

"అమ్మా, సోమవారం నేను హేచరీకి రాను."

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. జీవితమంతా ఎందుకు, ఎందుకు అని తిరిగిన మనిషి కూతురికేసి చూసింది. చిన్న గొంతుతో, "ఎందుకమ్మా?" అంది.

"నాకు కోళ్లంటే పడదు. ఈకలు తగిలితే ఒళ్లు జలదరిస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నీకు కోళ్లంటే ప్రాణం కదా. ఎలా చెప్పను?" పిల్ల ఒళ్లోని చేతుల వంక చూసుకుంది. "నాకు అంట్లు కట్టడం ఇష్టం. కత్తి ఎలా పట్టుకోవాలో నాన్న నేర్పాడు. పెరట్లో నేను కట్టినవి అతుక్కున్నాయి కూడా. నర్సరీ వాళ్లు నేర్పిస్తామన్నారు. బస్సులో వెళ్లొస్తాను."

"నాన్నకి తెలుసా?"

"అలాగే అన్నాడు."

నాకు నవ్వాగలేదు. ఎందుకక్క నవ్వలేదు. కొంగు కళ్లకు అద్దుకుని, మళ్లీ అద్దుకుని, న్యాయనిర్ణేతలా నిటారుగా కూర్చుంది.

"హేచరీని చివర పెట్టావు. నీ వరుస నాకు నచ్చలేదే," అంది, కూతురి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంటూ. "కారణాలకు మాత్రం పూర్తి మార్కులు."