పారబోసిన కషాయం

వర్క్‌షాపులో కొలత పరికరాలు తుడవడానికి స్పిరిట్ సీసా మూత తీసినప్పుడల్లా నాకు చిత్తూరు ఆసుపత్రి గది గుర్తొస్తుంది. ఆ గదిలో ఉన్నవాళ్ళు: డాక్టరు, కాంపౌండరు, నర్సమ్మ, నాయన, తొమ్మిదేళ్ళ నేను. ఉన్నవి: ఎత్తు బల్ల ఒకటి, నీళ్ళు మరుగుతున్న తపేలా ఒకటి, ఎనామిల్ పళ్ళెంలో కత్తులు మూడు, కొన వంగిన పట్టకారు ఒకటి. అమ్మ బయట వరండాలో ఉంది.

అప్పటికి ఏడాదిగా ఒంటికి పోవడమంటే నాకు భయం. ధార మధ్యలో చటుక్కున ఆగిపోయేది. పెరట్లో వెల్లకిలా పడుకుని కాళ్ళు గోడకు ఎత్తిపెడితేనే మళ్ళీ మంటతో వచ్చేది. ఐరాల పక్క మా పల్లెలో, మామిళ్ళు కోతకొచ్చే ఎండల్లో పిల్లలు బిళ్ళంగోడు ఆడుతుంటే, పరిగెత్తితే పొత్తికడుపులో పోటు లేస్తుందని నేను గట్టున కూర్చునేవాణ్ణి. సంగటి ముద్ద గొంతుకు అడ్డుపడ్డా నీళ్ళు ముట్టేవాణ్ణి కాదు.

అది మూత్రంలో రాయేనని, కరిగిపోతుందని అమ్మ పొద్దున్నే కొండపిండాకు, ఉలవలు, పల్లేరుకాయలు కుండలో కాచి, వడగట్టి లోటా నిండా ఇచ్చేది. ఆమె చేతి కషాయానికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చేవాళ్ళు. నేను మాత్రం, తాగితే పోయాల్సి వస్తుందని, ఆమె అటు తిరగ్గానే స్నానాల గది తూములో పారబోసేవాణ్ణి.

చివరికి యుద్ధకాలంలో పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సులో చిత్తూరు చేరాం. డాక్టరు సన్నటి ఉక్కు కడ్డీ ఒంటికి పోసే దారిలోంచి లోపలికి పంపి మెల్లగా తిప్పాడు. అది రాతికి తగిలి టక్కుమన్న చప్పుడు, నా అరుపుల మధ్య కూడా, నాయనకు వినబడింది.

“పెద్దదప్పా. రేపే కోసి తీయాల,” అన్నాడు డాక్టరు.

అమ్మ ఏడ్చింది. “ఒగ పొద్దు గూడా తప్పకుండా తాగించినా సామీ. ఊరందరికీ పనిచేసిన మందు నా బిడ్డకాడ యాల పన్జేయకపాయె?”

కత్తి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. కడుపు కోస్తే లోపల కషాయం లేదని అందరికీ తెలిసిపోతుందనుకున్నాను. మర్నాడు మత్తుమందు గుడ్డ ముక్కు దగ్గరికి రాగానే చెప్పేశాను: “సామీ, నేను తాగలే. అంతా తూములో పోసినా. అమ్మకు సెప్పొద్దు.”

“అట్లయితే మీ ఇంటి తూముకు ఈ జన్మలో రాయి రాదు పోరా!” అన్నాడు కాంపౌండరు.

డాక్టరు నవ్వలేదు. “ఇంత రాయి కషాయానికి కరగదు లేప్పా. తాగినా ఈడికే వచ్చుందువు. ఒకట్నుంచి లెక్కపెట్టు.”

నా కాళ్ళు పట్టుకున్న నాయన చేతులు బిగుసుకున్నాయి. పద్నాలుగు దాకా లెక్కపెట్టినట్టు గుర్తు.

కోడిగుడ్డంత రాయి. నర్సమ్మ పళ్ళెంలో తెచ్చి చూపిస్తే అమ్మ చాలాసేపు చూసి, పక్కకు తిరిగింది. ఇల్లు చేరాక కషాయం కుండను దిబ్బ మీద పారేసింది. మందు కోసం వచ్చినవాళ్ళతో, “నా చేతిలో పస పోయిందమ్మా, పెద్దాసుపత్రికి పోండి,” అనేది. ఆ మాట నాయనా విన్నాడు, నేనూ విన్నాను. ఇద్దరం నోరు విప్పలేదు. చదువుకునే రోజుల్లో సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకునేవాణ్ణి. ఆమె ముఖం చూడగానే ఇంకేదో మాట ఎత్తుకునేవాణ్ణి.

అమ్మ పోయి రెండేళ్ళయింది. కొండపిండాకు ఇప్పటికీ మా గట్ల మీద విరివిగా మొలుస్తుంది, మేకలు మేస్తాయి. ఆ కషాయం పాళ్ళు తెలిసినవాళ్ళు మా పల్లెలో ఇప్పుడు సున్నా.