చింతపండు గదిలోకి వచ్చిన పిల్లలు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే వాళ్ళ ముఖం మీదే నవ్వే మనిషిని నేను. ధర్మవరంలో మాది పట్టుచీరల అంగడి. అసలైన పట్టు అని ఎవరు ఒట్టు పెట్టినా సరే, కొంగు చివర ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వాసన చూశాకే బేరం మాట్లాడతాను. దేవుడు ఎదురొచ్చినా ఆధార్ కార్డు అడుగుతావని మా ఆయన ఎగతాళి చేస్తాడు. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా పుట్టిల్లు హిందూపురం. మా నాయన కాలం నుంచి చింతపండు వ్యాపారం. ఇంటి వెనక పెరట్లో పొడవాటి రాతి గది ఒకటుంది, పైన రేకులు. కాపు వచ్చే రోజుల్లో ఆ గది నిండా చింతకాయ రాశి పోసేవాళ్ళు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొక్క తీసి, గింజ కొట్టేవాళ్ళు.

నాయన పోయాక ఆ పని మా తమ్ముడు చూసుకున్నాడు. వాడికి పెనుకొండ పిల్లను చేశాం. ఆమె పేరు సుధ. ఇంటి కోడలినన్న బెట్టు లేకుండా కూలి ఆడవాళ్ళతో పాటు కూర్చుని గింజ కొట్టేది. బిచ్చానికి వచ్చినవాళ్ళు చెప్పే కష్టమైనా సరే, కూర్చోబెట్టి చివరిదాకా వినేది. నేను గయ్యాళి ఆడబిడ్డనే అయినా సుధతో ఒక్కనాడూ పోట్లాడలేకపోయాను.

ఐదేళ్ళ కిందట, చింతపండు కాపు రోజుల్లోనే, సుధకు కడుపునొప్పి మొదలైంది. వేడి చేసిందని మజ్జిగ తాగింది, గ్యాస్ అని సోడా తాగింది. ఆసుపత్రికి పోదాం పదమని తమ్ముడు అన్నప్పుడల్లా రేపు, రేపు అంటూ జరిపింది. చివరికి స్పృహ తప్పాక కారులో వేసుకుని అనంతపురానికి బయల్దేరారు. పెనుకొండ దాటుతుండగానే, తాను పుట్టి పెరిగిన ఊరి కొండ కనబడుతుండగానే, ఊపిరి ఆగిపోయింది. లోపల అపెండిక్స్ పగిలిందని, ఒక్క రోజు ముందు తెచ్చి ఉంటే బతికేదని, నొప్పి తీరంతా విన్న డాక్టరు చెప్పాడు.

అప్పటికి కూతురు హారికకు ఐదేళ్ళు, కొడుకు చరణ్‌కు ఏడాది. తమ్ముడు ఆ వ్యాపారం మానేసి ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. ఆ గదిలో ఇప్పుడు ఖాళీ గోతాలు తప్ప ఏమీ లేవు. పిల్లలను మా అమ్మే పెంచుతోంది.

అమ్మ ఏమైందని వాళ్ళు అడిగినప్పుడల్లా మా అమ్మ ఒకటే మాట చెప్పేది. “మీ యమ్మ ఆస్పత్రికి పోయింది నాయనా, మల్లా రాలేదు.” పేగు పగలడం, ఆలస్యం కావడం, ఇవన్నీ పసివాళ్ళకు ఎందుకని ఆమె ఉద్దేశం. మేమందరం కూడా అదే చెప్పాం. అందులో అబద్ధమేముంది అనుకున్నాం.

పోయిన దసరా సెలవులకు నేను పుట్టింటికి వెళ్ళాను. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకు పిల్లలిద్దరూ కనబడలేదు. పెరట్లో చూస్తే ఆ గది తలుపు తీసి ఉంది. నేనే లోపలికి వెళ్ళి గోతాలు కూడా పక్కకు లాగి చూశాను. ఎవరూ లేరు. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు, కిటికీ లేదు. బయటికి వచ్చి గడప దగ్గరే నిలబడి, పిల్లలు వీధిలోకి పోయారేమో చూడమని అమ్మను కేకేశాను. ఆ కేక పూర్తయ్యేలోపే నా వెనక నుంచి, ఆ ఖాళీ గదిలోంచే, ఇద్దరూ బయటికి వచ్చారు.

చరణ్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఇద్దరి అరచేతులూ ఎర్రగా, జిగటగా ఉన్నాయి. వాసన చూశాను. కొత్త చింతపండు. చింతపండు వ్యాపారి కూతురిని, కొత్తదేదో పాతదేదో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. దసరా నాటికి చెట్టు మీద కాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ రోజుల్లో హిందూపురమంతా తిరిగినా ఆ వాసన దొరకదు.

అమ్మ చేతులు కడిగించి అన్నం పెట్టింది. ఇద్దరూ ముద్ద మింగలేదు. సాయంత్రం హారిక నా పక్కన చేరి, నాకొక్కదానికే చెప్పింది.

గోతాల మీద ఆడుకుంటుంటే ఉన్నట్టుండి గది నిండా చింతకాయ రాశి కనబడిందట. కూలివాళ్ళు అన్నాలకు పోయినట్టున్నారు, ఒక్క ఆమే కూర్చుని గింజ కొడుతోంది. ఫోటోలో ఉన్న అమ్మే. కొంగు తొలగిన చోట నడుముకు తమ నాయన తువ్వాలు బిగించి ఉంది, పెదవి కొరుక్కుంటోంది. పక్కన గుడ్డ ఉయ్యాలలో ఒక పసిపిల్లాడు నిద్రపోతున్నాడు. ఎవరి పిల్లలు మీరు, ఆకలవుతోందా అని ఆమె అడిగిందట. కన్నతల్లి అలా అడిగేసరికి హారికకు నోరు పెగల్లేదు. చరణ్ మాత్రం పోయి ఆమె చేయి పట్టుకున్నాడు. రెండో చేయి హారిక పట్టుకుంది. ఇద్దరూ ఏడుస్తూ తమకు తెలిసిన ఒక్క సంగతీ చెప్పారు. ఆసుపత్రికి పోవద్దు, పోతే మల్లా రావు.

ఇంతలో నా కేక వినబడి వాళ్ళు వెనక్కి తిరిగారు. మళ్ళీ చూసేసరికి రాశీ లేదు, అమ్మా లేదు.

ఆ సంగతి నేను అంతకుముందే ఒకసారి విన్నాను.

నొప్పి మొదలైన మరునాడు సుధ నాకు ధర్మవరానికి ఫోన్ చేసింది. “మద్దేనం గదిలోకి ఎవురో ఇద్దరు పిల్లోల్లు వచ్చినారు వదినా. చిన్నోనికి ముందరి పండ్లు రెండూ లేవు. ఆస్పత్రికి పోవద్దని నా చేతులు పట్టుకోని ఒగటే ఏడుపు. బాలవాక్కు బ్రహ్మవాక్కు అంటారు కదా. నాకు బయమేస్తాండాది” అంది. వీధి పిల్లలు ఏదో వాగితే నీకెందుకు, పొద్దున్నే డాక్టరు దగ్గరికి పో అని కోప్పడ్డాను. సరే అంది. ఆయనకు చెప్పొద్దు వదినా, నవ్వుతాడు అని కూడా అంది. నేను తమ్ముడికి చెప్పలేదు.

చరణ్‌కు ముందు పళ్ళు రెండూ ఆ దసరాకు కాస్త ముందే ఊడాయి. తువ్వాలు సంగతి, ఆఖరి స్నానం చేయిస్తూ చీర కింద దాని ముడి విప్పిన అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మను అడిగాను, పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదంది. నా పద్ధతిలో నేను ఎన్ని రకాలుగా పరీక్షించినా ఆ పిల్ల మాట అబద్ధమని తేలలేదు.

మరునాడు పొద్దున జడ వేస్తుంటే హారిక అడిగింది. “అత్తా, మేం చెప్పింది అమ్మ విన్నిందా?”

ఆ పిల్లకు పదేళ్ళు. అమ్మ ఆలస్యం వల్లే పోయిందని ఈరోజు కాకపోతే రేపు ఎవరో ఒకరు చెబుతారు. వినిందని నేనంటే, తల్లిని ఆపింది తానేనని ఆ పిల్ల బతుకంతా కుమిలిపోతుంది. ఆ భయం తప్ప అప్పుడు నాకు ఇంకేమీ తట్టలేదు. “లేదు తల్లీ, విన్లేదు. ఆస్పత్రికి పోయింది” అన్నాను.

హారిక ఏడవలేదు. నాకు ధైర్యం చెబుతున్నట్టుగా అంది. “అయితే మల్లా పోతాం అత్తా. ఈతూరి గట్టిగా చెప్తాం. కాళ్ళు పట్టుకోని ఇడ్సం.”

రెండో ఫోను నాకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నే ఆసుపత్రికి పోతానని మాటిచ్చిన సుధ, మరునాడు మధ్యాహ్నం ఇంటి నుంచే ఫోన్ చేసింది. గొంతు బాగా నీరసంగా ఉంది. “పోదామని చీర కూడా మార్చుకున్నా వదినా. ఆ పిల్లోల్లు ఈపొద్దు మల్లా వచ్చినారు. పెద్దది నా కాళ్ళు పట్టుకోని ఇడ్సనే లేదు. దేవుడే పంపిచ్చినట్లుండాది. నేను పోను.” నేను ఎంత అరిచినా వినలేదు. పొద్దునకు మనసు మార్చుకుంటుందిలే అనుకుని అప్పుడూ తమ్ముడికి చెప్పలేదు. ఆమె గొంతు నేను వినడం అదే ఆఖరు.

హారిక మళ్ళీ పోతామన్న ఆ రోజే ఆ గదిలో పాము కనబడిందని చెప్పి తాళం వేయించాను. కూల్చేద్దామంటే తమ్ముడు ఒప్పుకోలేదు, అది సుధ కూర్చున్న చోటు అన్నాడు. అసలు సంగతి వాడికి చెప్పే ధైర్యం నాకు లేదు. తాళంచెవి నాతో ధర్మవరం తెచ్చుకున్నాను. నేను హిందూపురం వెళ్ళిన ప్రతిసారీ హారిక అది అడుగుతుంది. పాము పోయింది కదత్తా అంటుంది. నిజం చెబితే ఆ గది జోలికి పోదు, కానీ ఆ నిజంతో ఆ పిల్ల ఎలా బతుకుతుంది? చెప్పకపోతే ఎప్పుడో ఒకప్పుడు తలుపు తీస్తుంది. ఏడుస్తున్న పిల్లలెవరో తెలియకపోయినా వాళ్ళ మాట విని ప్రాణం పోగొట్టుకుంది సుధ. ఆమె వినలేదని హారికకు చెప్పింది నేను. ఆ పాపం తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

ఇదంతా ఎలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరినైనా అడగాలన్నా ఏమని అడగాలో తెలియదు. నాకు తెలిసినదల్లా ఒక్కటే. పిల్లలు ఆ గదిలోంచి సుధ దగ్గరికి వెళ్ళింది ఇప్పటికి ఒక్కసారి. సుధ దగ్గరికి వాళ్ళు వచ్చింది రెండుసార్లు.