పైన మంచు, కింద వాన

మా అమ్మాయి క్లాసులో ఒక పిల్ల సెలవులకి ఆల్ప్స్ వెళ్ళొచ్చింది. గాగుల్స్ ఉన్నంత మేర తెల్లగా, మిగతా ముఖమంతా ఎర్రగా కమిలిపోయి స్కూలుకి వచ్చిందట. మా అమ్మాయికి అది లోకంలోకెల్లా గొప్ప అలంకారంగా తోచింది. "కెన్ వీ గో స్కీయింగ్?" అని పొద్దునా సాయంత్రం ఒకటే పాట. ఆల్ప్స్ మా వల్ల కాదు గానీ, ఇంగ్లండులో మేముండే లీసెస్టర్‌లో పెందలాడే బయల్దేరితే చీకటి పడేలోపు స్కాట్లాండ్ కొండలు చేరుకోవచ్చని మావారు తేల్చారు. నేను హాస్పిటల్లో డ్యూటీ రోటా మార్పించుకున్నాను. చీరాల నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఉన్న మా అత్తయ్య, "మీరంతా పోతే నేనిక్కడ ఒక్కదాన్నే ఏం జేసేది? నేనూ వస్తా" అన్నారు.

మంచు సంగతి చూసుకునే బాధ్యత మావారు తీసుకున్నారు. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫోన్లో మూడు యాప్‌లు పెట్టుకున్నారు. శనివారం విపరీతంగా మంచు పడుతుందని ఒకటి చెప్పింది. ఏదో కాస్త రాలుతుందని రెండోది. మూడోదాంట్లో సూర్యుడి బొమ్మ ఉంది.

"ఎవర్ని నమ్ముతారు?" అన్నాను.

"సగటు తీస్తాను."

"ఎండకీ మంచుకీ సగటేమిటండీ?"

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించి, "వాన" అన్నారు.

ఆ వారమంతా మా ఇంట్లో వేరే మాట లేదు. ఒక సాయంత్రం ఇడ్లీ స్టాండు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి మా అందరికీ పాఠం చెప్పారు. కొండకి అడుగు, నడుము, శిఖరం అని మూడు అంచెలుంటాయట. ఒక్కో అంచెకి వాతావరణం వేరట. ఇంత ఎత్తు దాటాక గడ్డకట్టే చలి మొదలవుతుందని ఒక గీత ఉంటుందట. ఆ గీతకి పైన పడేది మంచు, కింద పడేది వాన. ఆ గీత రోజూ పైకీ కిందకీ జరుగుతూ ఉంటుందట. చెబుతూ చెబుతూ పై ప్లేటు మీద వేలు పెట్టి, "శనివారం మంచంతా ఇక్కడ" అన్నారు.

"మనమెక్కడ ఉంటాం?" అత్తయ్య అడిగారు.

ఆయన అడుగు ప్లేటు చూపించారు.

"అక్కడేం పడుద్ది?"

"వాన."

"మరి పైకి పోవచ్చుగా?"

"గాలి ఎక్కువుంటే తీగల మీద పోయే లిఫ్ట్ ఆపేస్తారమ్మా."

"గాలి ఎక్కువుందా?"

"చాలా ఉంది."

అత్తయ్య కొడుకు ముఖంలోకి చూసి, "అయితే వాన జూడ్డానికి అంత దూరం పోతన్నామా?" అన్నారు. హోటల్ బుక్ చేసేశాం, మార్చుకునే వీల్లేదు. ఆ మాట చెప్పడానికి మా ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

మాది ప్రార్థనలు తప్పని ఇల్లు. అత్తయ్య ఏ పనైనా సగంలో వదలరు. శుక్రవారం దారి పొడుగునా వెనక సీట్లో కళ్ళు మూసుకుని, "ప్రభువా, అడుగు ప్లేటులో కూడా కొంచెం వెయ్యి తండ్రీ" అని ప్రార్థించారు.

మర్నాడు పొద్దున హోటల్లో మావారు రిసార్ట్ వాళ్ళ రిపోర్టు చదివారు. పై వాలుల్లో మంచు బాగుంది. కింది వాలుల్లో అక్కడక్కడా. గాలి వల్ల లిఫ్ట్ మూసివేత. తెరిచి ఉన్న వాలు ఒకటి.

"ఒకటి ఓపెన్!" అని ఆయన ఎగిరి గంతేశారు.

వెళ్ళి చూద్దుం కదా, కొండ కింద పచ్చగా, గోధుమరంగుగా తడిసిన పొదలు. వాటి మధ్య మా వీధంత పొడుగున తెల్లటి పట్టీ ఒకటి, ఎవరో దుప్పటి ఆరేసి మర్చిపోయినట్టు. అది యంత్రంతో తయారుచేసిన మంచు. దాని పక్కనే జనాన్ని పైకి చేరవేసే కదిలే చాప. మీద కుండపోతగా వాన. ఆ వానలో పిల్లా పెద్దా హెల్మెట్లు పెట్టుకుని, ఒక్కరూ విసుక్కోకుండా క్యూలో నిలబడి ఉన్నారు.

"డాడ్, ఇట్స్ రెయినింగ్" అంది మా అమ్మాయి.

"ఇక్కడే. పైన స్నో" అన్నారు మావారు, అది తన సొంతమైనట్టు.

స్కీయింగ్ నేర్పే స్కాటిష్ ఆవిడ వచ్చింది. ఆవిడ టోపీ అంచు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "గుడ్ కండిషన్స్ టుడే!" అంది. వేళాకోళమేమో అనుకున్నాను, కాదు. మావారు ఫోన్ చూపించి, శిఖరం మీద ఇంత మంచు పడిందని ఉంది, మరి పక్క వాలు మీద గడ్డి కనిపిస్తోందేమని అడిగారు. మంచు పడిన మాట నిజమేననీ, గాలి దాన్ని ఊడ్చుకుపోయి కొండ అవతలి లోయలో పోసిందనీ ఆవిడ చెప్పింది. నేను అత్తయ్యకి తెలుగులో చెప్పాను.

"అయితే లిఫ్టు ఆ పక్కనే కట్టకపోయారా?" అన్నారు అత్తయ్య.

దాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చాను. ఆవిడ చాలాసేపు నవ్వి, తమ మీటింగుల్లో కూడా ఆ ప్రశ్న వస్తూనే ఉంటుందంది.

అమ్మాయి ఆ పట్టీ మీద మధ్యాహ్నానికి ఆగడం నేర్చుకుంది. మావారు స్కీలు తొడుక్కోకముందే కార్ పార్కులో జారిపడ్డారు, నడుం పట్టుకుని ఫలహారశాలలో కూర్చుండిపోయారు. అత్తయ్య కోసం మంచు మీద కూర్చుని జారే స్లెడ్జి అద్దెకి తీసుకున్నాం. చీర మీదే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు తొడిగితే కుచ్చిళ్ళన్నీ లోపల ఉబ్బి, ఆవిడ నడుం కింద గుమ్మడికాయలా తయారయ్యారు. పైనుంచి "స్తోత్రం!" అని ఒక్క కేకతో దిగారు. మంచు అయిపోయినచోట స్లెడ్జి గడ్డిలోకి దూరి ఆగిపోయింది. ఆవిడ లేవలేదు. రాణిగారిలా అలాగే కూర్చుని, ఎవరైనా వచ్చి లాక్కెళ్తారని ఎదురుచూశారు. ఎవరో పెద్దమనిషి వచ్చి లాక్కెళ్ళాడు కూడా. ఆ తర్వాత ఎన్నిసార్లు దిగారో ఆవిడకే తెలియాలి.

ఆదివారం గాలి తగ్గి లిఫ్ట్ తెరిచారు. తీగల మీద వేలాడే పెట్టెలో నలుగురం పైకెళ్ళాం. మావారు ముందే ఫోన్లో గాలి చూశారు, గడ్డకట్టే గీత చూశారు, మంచు చూశారు. మేఘం సంగతి మాత్రం చూడలేదు. తలుపు తెరుచుకున్నాక మా కాళ్ళ కింద మోకాలి లోతు మంచు ఉంది గానీ, మాకు మా మోకాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించలేదు. నేల తెలుపు, ఆకాశం తెలుపు, మధ్యలో గాలి కూడా తెలుపే. మా అమ్మాయి పసుపుపచ్చ జాకెట్ రెండడుగులు వేయగానే మాయమైంది. "ఐయామ్ హియర్!" అని ఎటునుంచో గొంతు వినిపించింది.

అత్తయ్య చీరాలలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేశారు.

"అక్కా, తెల్లగోడ ముందు నిలబడ్డావేందే?" అందావిడ.

"గోడ కాదే, స్కాట్లాండు!"

"ఏదీ, కొండ చూపీ."

అత్తయ్య ఫోన్‌ని అటూ ఇటూ, పైకీ కిందకీ తిప్పారు. "చూశావా?"

"ఏవుందే? ఫోను చెడినట్టుంది, బాగుచేయించుకో" అని ఆవిడ పెట్టేసింది.

అత్తయ్య కోపంగా ఫోన్ సంచిలో వేసేసి గ్లవ్ తీసి చెయ్యి చాచారు. అప్పుడే సన్నగా మంచు మొదలైంది. ఒక్కొక్క రవ్వే అరచేతిలో వాలి, కాసేపుండి కరుగుతోంది. ఆవిడ కోపం మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డారు. మావారు ఆనందం పట్టలేక, "చెప్పానా? ఈ టైముకి పడుతుందన్నానా?" అంటున్నారు.

"ఎంతసేపు పడుద్దంటరా?" అత్తయ్య అడిగారు.

ఆయన ఫోన్ తీసి తడి వేళ్ళతో నొక్కారు. చలికి అది ఆరిపోయి ఉంది. "తెలీదమ్మా" అన్నారు.

"తెలియకపోతే మానె. ఉందాం" అన్నారు అత్తయ్య. అమ్మాయిని కేకేసి దగ్గరకు పిలిచి, నలుగురం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఆ తెలుపులో చాలాసేపు నిలబడ్డాం.