తొమ్మిది ‘మంచి’ కాయిల్స్, అశోక్‌నగర్‌లో ఒక రోజు

బాలానగర్‌లోని మా చిన్న కంపెనీ ఆటోలకు ఇగ్నిషన్ కాయిల్స్ తయారు చేస్తుంది. ఇంజన్‌లో ఇంధనం అంటుకోవడానికి నిప్పురవ్వ పుట్టించే భాగం అది. వారంటీలో ఉన్న ఆటోలో కాయిల్ పాడైతే సర్వీస్ సెంటర్ ఉచితంగా మారుస్తుంది. ఆ ఖర్చు మేం ఇవ్వాలని ఆటో కంపెనీ మాకు క్లెయిమ్ పంపుతుంది. తీసేసిన కాయిల్స్ తెప్పించుకుని, అవి మావేనా, లోపం తయారీలో ఉందా వాడకంలో ఉందా అని చూసి, క్లెయిమ్ ఒప్పుకోవడమో కాదనడమో నా పని. ఈసారి అశోక్‌నగర్‌లోని ఒక్క సర్వీస్ సెంటర్ నుంచే పన్నెండు వచ్చాయి. మూడు కాలిపోయి ఉన్నాయి, ఒప్పుకున్నాం. తొమ్మిది మా పరీక్ష బెంచీ మీద చక్కగా పనిచేశాయి. ‘లోపం లేదు’ అని రాసి పంపేశాను.

వారం తిరక్కముందే ఆ సెంటర్ మెకానిక్ యూసుఫ్ నుంచి ఫోన్. “మీరు గట్ల రాస్తే ఆటో కంపెనీవాళ్లు నన్ను పట్టుకున్నరు మేడం. మంచి పార్టులు ఊకె మారుస్తున్నవ్ అంటున్నరు. ఇంకోసారి ఇట్లయితే పని పోతది. జర వచ్చి చూసి పోండ్రి.” గొంతులో కోపం లేకపోవడం వల్లేనేమో, కాదనలేకపోయాను. ఆ తొమ్మిదిలో మూడు కాయిల్స్ బ్యాగులో వేసుకుని మర్నాడే బయల్దేరాను.

ఉదయం ఏడున్నరకు బాలానగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో లైను మారి చిక్కడపల్లిలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. టికెట్టు డెబ్బై రూపాయల లోపే. అశోక్‌నగర్ దాకా నడిచి ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నలభై రూపాయలు. చట్నీ వేస్తూ బండి ఆవిడ అడిగింది, “గ్రూప్స్ కోచింగా అక్కా?”

“నాకు నలభై ఆరేళ్లమ్మా.”

“అయితే ఏమాయె, గవర్నమెంట్ కొలువుకు ఎవలైనా చదువుతరు,” అని ఇంకో ఇడ్లీ వేసింది.

సర్వీస్ సెంటర్ దగ్గర యూసుఫ్ నా కోసం ఒక ఆటోను ఆపి ఉంచాడు. డ్రైవర్ మల్లేశ్ మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను తెచ్చిన మూడింట్లో ఒకటి అతని ఆటోలోంచి తీసిందే. “గది ఉన్నప్పుడు పొద్దుగాల్ల మంచిగనే నడుస్తుండె మేడం. నాలుగు కిరాయిలు కొట్టినంక సిగ్నల్ కాడ టప్పున బంద్ అయితుండె,” అన్నాడు. అదే కాయిల్ మళ్లీ బిగించమన్నాను. గంటకు రెండు వందల చొప్పున తిప్పడానికి ఒప్పుకున్నాడు. యూసుఫ్ పనిముట్ల సంచీతో నా పక్కన కూర్చున్నాడు.

చిక్కడపల్లి, నారాయణగూడ, మళ్లీ అశోక్‌నగర్. రెండు చుట్లు తిరిగినా ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు. నా మాటే నిజమైందని లోపల సంతోషపడ్డాను కూడా. పదకొండున్నరకు నారాయణగూడ ఫ్లైఓవర్ కింద వాహనాలు కదలక పది నిమిషాలు నిలబడిపోయాం. ఎండ మాడ్చేస్తోంది. ఇంజన్ ఒకసారి దగ్గి ఆగిపోయింది. వెనక బస్సు హారన్ కొడుతోంది. ముగ్గురం దిగి ఆటోను పక్కకు నెట్టాం.

“చూసిన్రా మేడం,” అన్నాడు మల్లేశ్. తన బండి చెడిపోయినందుకు అంత ఆనందపడ్డ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

పక్కనే ఇరానీ హోటల్లో చాయ్ తాగి అరగంట తర్వాత సెల్ఫ్ కొడితే, మొదటిసారికే స్టార్టయింది. అప్పుడు అర్థమైంది. లోపలి తీగ వేడికి సాగి ఎక్కడో అతుకు విడుతోంది, చల్లారితే మళ్లీ కలుస్తోంది. మేం పరీక్షించేది ఏసీ గదిలో, ఐదు నిమిషాలు. రెండో కాయిల్ బిగించి తిరిగాం. అదీ వేడెక్కాక ఆగింది. మూడోది మాత్రం ఎంత తిప్పినా ఆగలేదు.

మళ్లీ ఆ ఇరానీ హోటల్ దగ్గరే ఆగి, మా మేనేజర్ సుధాకర్ గారికి ఫోన్ చేశాను. క్లెయిమ్‌ను కాదన్నందుకు ఆయన నన్ను నలుగురిలో మెచ్చుకుని ఇంకా పది రోజులు కాలేదు.

“నేను రాసింది తప్పండి,” అన్నాను.

“మిగతా ఆరూ వేడి చేసి చూడండి. ఏది తేలితే అదే రాద్దాం,” అన్నారు.

పక్క నుంచి వింటున్న యూసుఫ్ ఇంకో చాయ్ చెప్పి, నన్ను డబ్బులివ్వనివ్వలేదు.

ఆ ఆరింటినీ మర్నాడు ఓవెన్‌లో వేడి చేసి చూస్తే నాలుగు చచ్చిపోయాయి. దారిలో ఆగిన రెండింటితో కలిపి ఆరింటికి క్లెయిమ్ ఒప్పుకున్నాం. వేడిలోనూ పనిచేసిన మూడింటిని కాదన్నాం, ఎందుకో వివరంగా రాశాం. ఆటో కంపెనీ యూసుఫ్ మీది ఆక్షేపణ ఎత్తేసింది. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మా బెంచీని నమ్మినంత సులువుగా, పార్టు పాడైందని చెప్పిన మనిషిని నమ్మలేదని ఆ రోజే తెలిసింది. తప్పు ఒప్పుకుంటే చిన్నతనంగా ఉంటుందనుకున్నాను గానీ, తిరుగు మెట్రోలో కూర్చున్నప్పుడు మనసు చాలా తేలిగ్గా ఉంది.

మీరూ ఇలాంటి పరిశీలనకు వెళ్తుంటే ఒక్క మాట: సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసినప్పుడు బండి ఏమైందని కాదు, ఏ వేళకు అలా అవుతోందని అడగండి. ఆ వేళకు ఆ బండిలోనే కూర్చుని ఉండేలా బయల్దేరండి.