గడచిన ఏడు రోజుల్లో

ఫ్యాక్టరీ మూతపడి పదకొండు నెలలైనా బెన్హర్ ఇంకా ఖాకీ చొక్కానే వేసుకుంటున్నాడు. గరివిడి శివార్లలో రెండు ఫర్నేసుల చిన్న ఫ్యాక్టరీ అది. ఇనుప కడ్డీతో ఫర్నేసు మూతి పొడిచి, కరిగిన లోహానికి దారి చేయడం అతని పని. ఇరవై మూడేళ్లు చేశాడు. రెండు ముంజేతుల మీదా నిప్పురవ్వల మచ్చలు ఉన్నాయి. కరెంటు ఛార్జీలు పెరిగాయని, సరుకు ధర పడిపోయిందని యాజమాన్యం గేటుకి నోటీసు అంటించిన రోజున అతనికి నలభై ఎనిమిదేళ్లు. ఆ తరువాత పని కోసం బొబ్బిలి వెళ్లాడు, పైడిభీమవరం వెళ్లాడు. ఎక్కడికి వెళ్లినా ముందు వయసు అడిగారు.

భార్య కృపారాణి ఇంటి ముందు రేకులు దింపి ఇడ్లీ, పెసరట్టు అమ్మడం మొదలుపెట్టింది. బెన్హర్ బోరు నుంచి నీళ్లు మోసేవాడు, పిండి రుబ్బేవాడు, కొబ్బరి కోరేవాడు, పళ్లేలు కడిగేవాడు. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే మాత్రం, "ఖాళీ" అనేవాడు.

ఆగస్టు చివరిలో కేంద్ర ప్రభుత్వం సర్వే అని కుమారి అనే అమ్మాయి వచ్చింది. విజయనగరం నుంచి బస్సులో వచ్చి, వీధిలో కొన్ని ఇళ్లు ఎంచుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని తిరుగుతోంది. స్టూలు మీద కూర్చుని అడిగింది.

"గడచిన ఏడు రోజుల్లో మీరు ఏదైనా పని చేశారా సార్?"

"నేదమ్మా. ఫేక్టరీ మూసేసినారు కదా."

"అమ్మగారికి ఇక్కడ సాయం చేస్తారా?"

"ఏదో నీలు మోస్తాను. ఇంట్లో మనిషిని, సెయ్యనేటి?"

"వారం మొత్తం మీద ఒక గంట అవుతుందా?"

పెనం దగ్గర నుంచి కృపారాణి నవ్వింది. "వారానికి గంటేటమ్మా, రోజుకి నాలుగ్గంటలు అవుతాది. నానొక్కదాన్నీ ఎక్కడ సేయగలను?"

కుమారి వేలితో ట్యాబ్ మీద నొక్కింది. "అయితే పని ఉన్నట్టే సార్. ఇంటి వ్యాపారంలో సహాయకుడు."

"జీతం నేదమ్మా."

"జీతం లేకపోయినా పనే. రూలు అలా ఉంది."

"నాకు ఉద్యోగం పోయినాది. అది రాయి."

"అది రాయడానికి ఇక్కడ చోటు లేదు సార్. వచ్చే నెల ఇదే తేదీకి మళ్లీ వస్తాను. మొత్తం నాలుగుసార్లు రావాలి."

ఆ ఆదివారం సాయంత్రం టీవీలో ఇద్దరు ఆర్థిక నిపుణులు వాదించుకున్నారు. ఒకాయన నిరుద్యోగం తగ్గిందన్నాడు. స్వయం ఉపాధి పెరుగుతోందని, అది మంచి లక్షణమని అన్నాడు. కళ్లజోడు పెట్టుకున్న రెండో ఆయన ఒప్పుకోలేదు. "పెళ్లాం కొట్లో జీతం లేకుండా గిన్నెలు కడిగే మనిషిని కూడా మీరు ఉద్యోగి అంటున్నారు. ఇలాంటివాళ్లని నిజాయితీగా లెక్కపెట్టి చూడండి. మూతపడిన ఫ్యాక్టరీలు తెరిపించక ఏ ప్రభుత్వానికీ తప్పదు" అన్నాడు. బెన్హర్ చేతిలో అప్పుడే కడిగిన పళ్లెం ఉంది. ప్రకటనలు వచ్చి పోయేదాకా దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

మర్నాడు ఇడ్లీకి వచ్చిన కూర్మయ్యకి ఆ సంగతి చెప్పాడు. కూర్మయ్యదీ అదే ఫర్నేసు. ఇప్పుడు ఊళ్లో ఆటో తోలుతున్నాడు.

"ఒరే బెన్హరూ, నువ్వు గిన్నెలు తోముతున్నావని ఆ పెద్దమనిషికెవలు సెప్పినారురా?" అని కూర్మయ్య పొలమారేలా నవ్వాడు.

"నవ్వకు బావా. మనం ఖాళీగా ఉన్నామని పైన ఎవలికీ తెలీదు. తెలిస్తే తెరుస్తారు."

"ఫర్నేసు సల్లారిపోనాదిరా. లోపల మెటలు గడ్డ కట్టేసినాది. ఇప్పుడు ఎలిగించాలంటే కొత్తది కట్టుకున్నట్టే. సట్నీ ఎయ్యి."

బెన్హర్ చట్నీ వేశాడు. గోడ మీది చర్చి క్యాలెండరులో కుమారి రావలసిన తేదీ చుట్టూ అప్పటికే గీత గీసి ఉంది.

ఆ తేదీకి సరిగ్గా ఏడు రోజుల ముందు, పొద్దున్నే కృపారాణి బిందె చేతికిస్తే అతను తీసుకోలేదు.

"ఈ వారం నాను ఏటీ ముట్టుకోను."

"ఒంట్లో బాగానేదా?"

"బాగానే ఉన్నాది. ఆయమ్మ వచ్చి అడిగితే ఒక్క గంట కూడా ఉండకూడదు."

ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "సేసీ సేయనేదని సెప్పీయొచ్చు కదయ్యా. అడిగీది ఆ గుంట పిల్లే కదా."

"నిజాయితీగా లెక్కపెట్టాలన్నాడాయన. నాను అబద్ధం ఆడితే అది మల్లీ తప్పుడు లెక్కే. వారమే కదే. ఫేక్టరీ తెరిస్తే నీకు ఈ పొయ్యి బాధ ఉండదు."

అతను చూరు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కృపారాణి రెండు రోజులు తిట్టింది. మూడో రోజు మాట్లాడటం మానేసింది. నాలుగో రోజు పెసరట్టు మానేసింది. పళ్లేలు కడిగేదాకా ఆగలేని వాళ్లు రోడ్డుకి అవతలి కొట్టుకి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ కుర్చీలోని మనిషి వైపు చూశారు. అతను ఎవరి వైపూ చూడలేదు. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని అతనికి ఇంతకుముందు తెలియదు. ఫర్నేసు ముందు ఎనిమిది గంటలు నిలబడినప్పుడు కూడా వీపు ఇలా లాగలేదు.

ఐదో రోజు కృపారాణి ఇడ్లీ గిన్నె ఒక్కతే దింపబోయింది. మూత జారి మరిగే నీళ్లు కుడి మణికట్టు మీద పడ్డాయి. బెన్హర్ కుర్చీలోంచి లేచి రెండు అడుగులు వేశాడు.

"రాకు" అంది కృపారాణి. గొంతు పెంచలేదు. "గంట అయిపోతాది."

అతను ఆగలేదు. చెంబు తెచ్చి ఆమె చేతి మీద చల్లటి నీళ్లు పోశాడు. అది పనిలోకి రాదని తనకి తనే చెప్పుకున్నాడు. ముగ్గురు మనుషులు ఇడ్లీ కోసం నిలబడి ఉన్నారు. కృపారాణి ఎడమ చేత్తో గిన్నె దింపింది. బెన్హర్ చెంబు కింద పెట్టి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఆరో రోజూ, ఏడో రోజూ ఆమె గుడ్డ చుట్టిన చేత్తోనే నీళ్లు మోసింది. అతను కూర్చునే ఉన్నాడు.

కుమారి చెప్పిన తేదీకే వచ్చింది. అదే స్టూలు మీద కూర్చుని అదే ప్రశ్న అడిగింది.

"నేదమ్మా. ఒక్క గంట కూడా నేదు. కావాలంటే ఆవిడని అడుగు."

కుమారి చూపు కృపారాణి చేతి కట్టు మీద ఆగింది.

"సేయనేదమ్మా. కుర్సీలో కూకున్నాడు. రాసుకో" అంది కృపారాణి.

"పని దొరికితే చేయడానికి సిద్ధమేనా సార్?"

"ఇప్పుడే వస్తాను." బెన్హర్ లేచి నిలబడి చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

కుమారి ట్యాబ్ మీద నొక్కింది. అతను వంగి చూశాడు. తెర మీద రెండంకెల సంఖ్య ఒకటి కనిపించింది.

"ఖాళీ అని పడిందా?"

"పడింది సార్. పని లేదు, దొరికితే చేస్తారు అని."

"మరి పిలుపు ఎప్పుడొస్తాది?"

"ఏం పిలుపు?"

"ఫేక్టరీది."

ఆమె ట్యాబ్ ఒళ్లో పెట్టుకుంది. "ఇందులో ఫ్యాక్టరీల సంగతి ఉండదు సార్. మీ పేరు కూడా బయటికి రాదు. అందరినీ కలిపి రాష్ట్రానికి ఇంత శాతం అని వేస్తారు."

"మరి నాను ఖాళీగా ఉన్నానని ఎవలికి తెలుస్తాదమ్మా?"

కుమారి సంచి భుజానికి తగిలించుకుని, "నాకే తెలుస్తుంది సార్" అంది. "నాదీ కాంట్రాక్టే. మార్చి దాకా." తరువాత పక్కింటికి వెళ్లిపోయింది.

బెన్హర్ కుర్చీలో కూర్చున్నాడు. కృపారాణి ఎడమ చేత్తో పెనం తోముతోంది.

"వచ్చే నెల మల్లీ వస్తాదంట" అన్నాడు.

"అయితే నీకు మూడు వారాలుంది" అంది ఆమె తల ఎత్తకుండా. "లే. నీలు నేవు."

అతను లేవడానికి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. వారం రోజులు వంగి ఉన్న మోకాళ్లు వెంటనే నిటారుగా రాలేదు. బిందె ఎక్కడుందో కృపారాణిని అడగవలసి వచ్చింది.